సల్లగుందన్న చోట

డిసెంబర్ 2

కొంరక్క. కుడి పాదం పదికి ఎనిమిది. ఎడమ పాదం పదికి ఎనిమిది.

ఈ రోజు పుస్తకంలో ఒక్క పేరే రాశాను. నిరుడు ఇదే తేదీన ఐదు పేర్లున్నాయి. ఇద్దరు చనిపోయారు, ఇద్దరి పాదాలు మొద్దుబారాయి. కాలనీ మొత్తానికి నేల చూసే మనిషి ఇప్పుడు కొంరక్క ఒక్కతే.

పరీక్ష ఎప్పటిలాగే. పొద్దున ఏడింటికి వచ్చి బల్ల మీద కూర్చుంటుంది. కళ్ళకు గుడ్డ కడతాను. ఒక సీసాలో వేడినీళ్ళు, ఒక సీసాలో చన్నీళ్ళు. పాదం కింద పది చోట్ల ఆనిస్తాను. వేళ్ళ దగ్గర నాలుగు, మధ్యలో మూడు, మడమ మీద మూడు. ఏ సీసానో ఆమె చెప్పాలి. ఏడు కన్నా తక్కువ వస్తే ఆ మనిషికి నడక ఉండదు.

ఆమె భర్త ఓదెలు ఎప్పటిలాగే గడపలో కూర్చుని చూశాడు. కొంరక్క నన్ను తమ్మీ అంటుంది కాబట్టి అతనికి నేను బామ్మర్దిని.

"రోజూ మా ఇంటామె కాళ్ళు పట్టుకుంటానవ్ బామ్మర్దీ. నేను పట్టుకుంటె తన్నుతది."

"నువ్వు పట్టుకునేది పైసలడగనీకి" అంది కొంరక్క, కళ్ళగంతలు విప్పకుండానే.

ఎనిమిది అని రాసుకున్నాను.

డిసెంబర్ 4

ఏడో గల్లీలో గోడలు నెర్రెలిచ్చాయి. రెండిళ్ళలో బండల సందు నుంచి పొగ వస్తోంది. కింద బొగ్గు పొర అంటుకుని ముప్పై ఒక్క ఏళ్ళు. నిప్పు ఏ దిక్కుకు జరుగుతుందో ఎవరికీ తెలియదు. జరిగిన చోట పైన మన్ను పెంకులా మిగులుతుంది, లోపల బొంద పడుతుంది. పెంకు మీద చేయి పెడితే గోరువెచ్చగా ఉంటుంది, అంతే. పలుచబడ్డ చోట మనిషి నిలబడితే దిగిపోతాడు, మందంగా ఉన్నచోట ఇంకా బరువు పడేదాకా ఆగుతుంది.

వేడి కొలిచే యంత్రాల తీగలను ఈ పొగ నెలలో తినేస్తుంది. కొత్త యంత్రాలు రావడం ఆగి తొమ్మిదేళ్ళు. వంగి చేత్తో చూడడానికి లేదు. బరువైన గ్యాసు మోకాలి ఎత్తున నేలను పట్టుకుని ఉంటుంది, వంగినవాడు లేవడు. అందుకని చెప్పుల్లేని కాలితో, నిలబడి, నడిచి చూడాలి. నా అరికాళ్ళు పదేళ్ళ కిందటే పోయాయి. కాలనీలో చాలామందివి అంతే. ఆ పొగే నరాలను కూడా తింటుంది.

ఇన్‌చార్జి కిష్టస్వామి సారు వచ్చి చెప్పాడు. పదో తేదీ లోపల ఏడో గల్లీని అవతలి గుట్టకు దాటించాలి. ముప్పై ఎనిమిది ఇళ్ళు, నూట నలభై ఒక్క మంది. పాత బాటన పోతే రెండు రోజులు గ్యాసులో నడవాలి. నిరుడు మూడో గల్లీ అలా పోయింది, పదకొండు మంది చేరలేదు. మైదానం మీదుగా అయితే ఆరు వందల నలభై అడుగులు. కానీ కొత్త దారి చూడాలి.

"కొంరమ్మ కాళ్ళు బాగనే ఉన్నయి గదా?" అని అడిగాడు.

ఎనిమిది అని చెప్పాను.

కొంరక్క ఇల్లు ఏడో గల్లీలోనే. కూతురు సుగుణకు నెలలు నిండాయి. పాత బాటన సుగుణ నడవలేదు.

డిసెంబర్ 5

కుడి ఏడు. ఎడమ ఏడు. పోయినవన్నీ వేళ్ళ దగ్గరే.

ఎప్పటి నుంచి అని అడిగాను. ఆమె చెప్పలేదు. ఓదెలు చెప్పాడు.

"రెండు నెల్లాయె బామ్మర్దీ. అరికాళ్ళు ఒక్కటే మంటలు. దుప్పటి అంచు తాకితె సుత ఓర్సుకుంటలేదు. వేడి చేసిందేమో అని మజ్జిగ తాగిచ్చిన. గంపెడు సబ్జలు తాగిచ్చిన. నీళ్ళ గంగాళంల కాళ్ళు పెట్టిచ్చిన. నీళ్ళల్ల పెడితె ఇంకింత మొత్తుకున్నది."

"నోరు మూసుకో" అంది కొంరక్క. "వీడు రాస్తడు."

రాశాను. అరికాళ్ళ మంట, రెండు నెలలు. దుప్పటి తాకితే నొప్పి. నీళ్ళలో ఎక్కువ.

డిస్పెన్సరీ మూతపడక ముందు అక్కడ సూదులు కడిగేవాణ్ణి, కాలనీకి ఇప్పటికీ సూదులోణ్ణే. అక్కడ దొరికిన రెండు పుస్తకాలే నా చదువు. అట్టలు లేవు. అందులో ఉన్నదాని ప్రకారం కాలి నరాల్లో దొడ్డు తీగలు, సన్న తీగలు ఉంటాయి. దొడ్డువి తాకిడినీ అదురునీ మోస్తాయి. సన్నవి వేడినీ చల్లదనాన్నీ నొప్పినీ మోస్తాయి. విషం ముందు సన్నవాటిని పట్టుకుంటుంది, అది కూడా అన్నిటికన్నా పొడుగైన వాటి చివర. అంటే కాలివేళ్ళు. చచ్చిన తీగ ఊరుకుంటుంది. చావబోతున్న తీగ ఊరుకోదు, ఏమీ తాకకపోయినా మంట మంట అని మొత్తుకుంటుంది.

దానికి నేను దొంగ మంట అని పేరు పెట్టుకున్నాను. కొంరక్కది దొంగ మంట.

డిసెంబర్ 6

కుడి ఆరు. ఎడమ ఆరు. వేళ్ళ దగ్గర నాలుగూ తప్పే.

కళ్ళగంతలు విప్పి ఆమె నా మొహం చూసింది. అంకె అడగలేదు.

"తమ్మీ, సుగుణకు ఇయ్యాల్నో రేపో అన్నట్టున్నది" అంది.

చాలాసేపు ఆలోచించాను. దొంగ మంట ఉన్న కాలు మంట లేని చోట మంట ఉందంటుంది. దానివల్ల నష్టం ఏముంది? దారి కాస్త చుట్టు తిరుగుతుంది. నాలుగు వంకలు ఎక్కువ పోతుంది. మంట ఉన్నచోట లేదని చెబితేనే ప్రమాదం. మొద్దుబారిన కాలు అలా చెబుతుంది, మండుతున్న కాలు చెప్పదు.

రెండు పాదాలకూ ఏడు అని రాశాను.

డిసెంబర్ 7

పొద్దున మంచు. నేల తడిగా ఉంది. మైదానం మీద నడక.

కొంరక్క ముందు, నడుముకు తాడు. నలభై అడుగుల వెనక నేను తాడు పట్టుకుని. నా పక్కన ఓదెలు, చంకలో గుడ్డల కర్రలు. కొంరక్క పిలుపును బట్టి వేడి చోట ఎర్ర కర్ర, మంచి చోట తెల్ల కర్ర పాతుతాడు. ఆ పిలుపులో ఎర్ర, తెల్ల అని ఉండదు. నడకలో ఎవరూ మంట అన్న మాట కూడా అనరు. దీపం ఆరిందనకుండా కొండెక్కింది అన్నట్టే ఇది. పేరు పెట్టి పిలిస్తే వస్తుందని భయం. నేల వేడిగా ఉంటే "అమ్మున్నది" అంటారు. బాగుంటే "సల్లగున్నది" అంటారు. మా దగ్గర ముప్పై ఏళ్ళ నుంచి అదే.

మొదటి వంద అడుగులు మైదానం అంచునే, లోపలికి కాలు ఆనించి తీసుకుంటూ, అమ్మున్నది, అమ్మున్నది అనుకుంటూ పోయింది. ఓదెలు ఎర్ర కర్రలు పాతి అలిసిపోయాడు.

"ఇదేందే, అమ్మ ఇయ్యాల సంతకొచ్చిందా? అంతట ఆమెనే ఉన్నది."

"నీకు కర్రలు బరువైతే నెత్తి మీద పెట్టుకో."

ఆ తరువాత ఎడమకు తిరిగింది. అక్కడి నుంచి సల్లగున్నది, సల్లగున్నది అని పిలుపు వచ్చింది. గొంతు మారింది. తేలికగా ఉంది. నడక కూడా తొందరయింది. ఒకచోట ఆగి కాసేపు నిలబడింది. తాడు లాగితే, "ఆగు తమ్మీ, వస్తాన్న" అంది.

గుట్ట దాకా దారి దొరికింది. పన్నెండు వంకలు. నేను అనుకున్నదే జరిగిందని సంతోషించాను. దారి చుట్టు తిరిగింది, అంతే.

డిసెంబర్ 8

ఓదెలు పోయాడు.

మనుషుల కన్నా ముందు సామాను బండి దాటించాలని నియమం. ఓదెలే లాగుతానన్నాడు. "మా ఇంటామె చూసిన దారి. కళ్ళు మూసుకుని పోత" అన్నాడు. తెల్ల కర్రల వెంటే పోయాడు. రెండు వందల అడుగుల దగ్గర బండి ముందు చక్రం దిగింది. అతను వెనక్కి తిరిగి నవ్వాడు, రాయి అడ్డం పడింది అనుకున్నాడేమో. తరువాత నేల గుండ్రంగా, ఒక గది అంత, లోపలికి పోయింది. బండి, ఓదెలు, రెండు తెల్ల కర్రలు. కేక వినబడలేదు. పొగ లేచింది. దగ్గరికి పోవడానికి లేదు.

కొంరక్క ఇంటి ముందు నిలబడి చూసింది.

డిసెంబర్ 9

పొద్దున ఏడింటికి కొంరక్క వచ్చి బల్ల మీద కూర్చుంది. పరీక్షకు రమ్మని నేను పిలవలేదు. అలవాటు కొద్దీ వచ్చింది.

నేను గుడ్డ తీయకముందే చెప్పింది.

"ఆడ మస్తు సల్లగుండె తమ్మీ."

నేను తలెత్తాను.

"రెండు నెల్లకెల్లి అంత సల్లగ ఎన్నడు లేదు. పానం హాయిగ అనిపిచ్చింది. ఆడనే ఆగిన. నువ్వు తాడు గుంజినవ్."

"సల్లగ అంటే ఏందక్కా? నీళ్ళు తాకినట్టా?"

"నీళ్ళా? నీళ్ళు మండుతయి గదా" అంది. చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. "సల్లగ అంటే మంట ఆగుడు."

సీసాలు నింపాను. కళ్ళకు గుడ్డ కట్టాను. ఈసారి సరి, తప్పు అని గీతలు పెట్టలేదు. ఏ సీసాకు ఏం చెప్పిందో మాటకు మాట రాశాను.

చన్నీళ్ళ సీసా, వేళ్ళు: మండుతాంది. చన్నీళ్ళ సీసా, మధ్య: మండుతాంది. వేడి సీసా, వేళ్ళు: సల్లగ. వేడి సీసా, మడమ: సల్లగ. పది చోట్లా అంతే. రెండో కాలు కూడా అంతే.

పదికి సున్నా.

ఆ అంకె వైపు చూస్తూ కూర్చున్నాను. తెలియని కాలికి సున్నా రాదు. మొద్దుబారినవాడు నోటికొచ్చింది చెప్పినా నాలుగో ఐదో సరిపోతాయి. నా పాదాలు చూసుకుంటే నాకే ఐదు వస్తాయి. సున్నా వచ్చిందంటే ఆ కాలికి ప్రతిదీ తెలుస్తోంది. తెలిసినదాన్ని తిరగేసి చెబుతోంది. ఆరో తేదీన వేళ్ళ దగ్గరే ఉన్నది మూడు రోజుల్లో మడమ దాకా పాకింది.

రెండో పుస్తకం తీశాను. సన్న తీగలు ఒక రకం కాదట. చల్లదనాన్ని మోసే వాటికి పలుచటి తొడుగు ఉంటుంది. వేడినీ మంటనూ మోసేవి తొడుగు లేని బోడి తీగలు. తొడుగు తీగలు పనిచేసినంత కాలం బోడి తీగల నోరు మూసి ఉంచుతాయి. తొడుగువి ముందు చస్తే బోడివాటికి అడ్డు ఉండదు. అప్పుడు చల్లటిది తాకినా మంట అనే అంటాయి. ఈ పేజీ నేను ఏడాది కిందట చదివాను. అంచున అర్థం కాలేదు అని పెన్సిలుతో రాసుకున్నాను.

ఏడో తేదీ పొద్దున నేల మంచుకు తడిసి చల్లగా ఉంది. ఆమెకు అదంతా మంట. నిప్పు ఉన్నచోటే వెచ్చగా ఉంది. ఆమెకు అది సల్లగ. ఎర్ర కర్రలన్నీ గట్టి నేల మీద ఉన్నాయి. తెల్లవన్నీ బొంద మీద. ముగ్గురం నడిచినప్పుడు ఆగిన పెంకు బండి బరువుకు ఆగలేదు.

ఆమెకు చెప్పాలి. ఆమె కళ్ళకు గుడ్డ అలాగే ఉంది.

"అక్కా, నీ కాళ్ళు ఉల్టా చెప్తున్నయి."

విన్నది. మొత్తం విన్నది. అప్పుడు గుడ్డ విప్పుకుంది.

"అంటే నేనే తోలిన్నా ఆయన్ని అండ్లకు?"

"ఆరు వచ్చింది. నేను ఏడు రాసిన."

"నీ అంకెలు నాకెందుకు తమ్మీ?" అంది. "నా నోటితోని నేను పిలిచిన."

బయట ఎవరో బిందె కడుగుతున్న చప్పుడు. ఆమే అడిగింది.

"ఇప్పుడు దారి చూడాలంటె, మండిన కాడికల్ల పోవాల్నా?"

"అవును."

"మండకపోతె?"

"ఆగాలె."

"సుగుణకు తెల్లారంగ నుంచి నొప్పులు" అని లేచింది. నేల మీద కాలు పెట్టగానే పళ్ళు కొరికింది. గది నేల చల్లగా ఉంది.

కిష్టస్వామి సారుకు చెబితే మొదట నమ్మలేదు. "పదికి సున్నా వచ్చిన మనిషి వెనక నూట నలభై మందిని పంపాల్నా? రాసినవాడివి నువ్వే గదా, నిన్ను నమ్మి?" అన్నాడు. నిజమే. సీసాలు తెచ్చి ఆయన ముందే ఇంకోసారి చేసి చూపించాను. సున్నా. మూడోసారి ఆయనే సీసాలు పట్టుకున్నాడు. సున్నా.

మాట్లాడుతుండగానే ఏడో గల్లీ చివరి ఇంట్లో వంటగది నేల దిగింది. పొయ్యి పోయింది, మనుషులు బయటపడ్డారు.

"రేపు పొద్దున" అన్నాడు సారు.

డిసెంబర్ 10

మంచు ఉంది. అదొక్కటే మా అదృష్టం. నేల ఎంత చల్లగా ఉంటే ఆమెకు తేడా అంత బాగా తెలుస్తుంది. అంటే అంత ఎక్కువ మండుతుంది.

గల్లీ జనం వరసలో నిలబడ్డారు. నెత్తి మీద మూటలు. లింగమూర్తి అనే పెద్దాయన ముందుకు వచ్చాడు.

"ఏంరా సూదులోడా, ఎర్ర కర్రల మీదికెల్లి పొమ్మంటున్నవట. మాకు కండ్లు కనపడ్తలేవనుకున్నవా? మొన్న తెల్ల కర్రలన్నరు, ఓదెలును మింగిచ్చిన్రు. ఇయ్యాల ఎర్రవా? రేపు పచ్చవి పాతుతరా?"

"నేను ముందు పోతాన్న పెద్దనాయనా" అంది కొంరక్క. "నా వెనక నా బిడ్డ వస్తాంది. దాని వెనక వస్తె రా. లేకపోతె ఉండు."

లింగమూర్తి మూట సర్దుకుని వరసలోకి పోయాడు.

సుగుణ నిండు నొప్పుల మీద ఉంది. ఇద్దరాడవాళ్ళు చెరో రెక్కా పట్టుకున్నారు. ఈసారి తాడు నలభై అడుగులు వదలలేదు, పదడుగులే వదిలాను. ఆమె దిగితే నేనూ దిగుతాను.

మొదటి అడుగు వేసి కొంరక్క ఆగింది. ఏ మాట పిలవాలో తెలియలేదు. అమ్మున్నది అంటే జనం ఆగిపోతారు. సల్లగున్నది అంటే అబద్ధం.

"మంట" అంది.

వెనక వరసలో ఎవరో హా అన్నారు. మైదానం మీద ఆ మాట అనగా నేను ఎన్నడూ వినలేదు.

"మంట" అని ఇంకో అడుగు. "మంట." మేము ఆమె అడుగులో అడుగు వేశాం. నేల గట్టిగా ఉంది.

అలా పోయాం. ఆమె కాలు ముందుకు చాచి, వేళ్ళు ఆనించి, మండితే బరువు వేస్తుంది. మండకపోతే వెనక్కి తీసుకుని పక్కకు ఆనిస్తుంది. వంద అడుగులకు ఆమె గొంతు బొంగురుపోయింది. రెండు వందలకు మాట సగమే వస్తోంది. నేను ఆ సగం విని పూర్తి మాట గట్టిగా అరిచాను, నా వెనకవాళ్ళు వాళ్ళ వెనకవాళ్ళకు అరిచారు. మంట, మంట, మంట అని నూట నలభై మంది.

ఎడమ పక్కన కాస్త దూరంలో ఓదెలు దిగిన గుంత పొగలు కక్కుతోంది. కొంరక్క అటు చూడలేదు.

నాలుగు వందల పన్నెండో అడుగు దగ్గర ఆమె పిలవలేదు. కాలు ఆనించి అలాగే నిలబడింది. భుజాలు కిందికి జారాయి.

"అక్కా."

"జర ఆగు తమ్మీ."

"ఏమంటుంది కాలు?"

చెప్పలేదు. ఏడుస్తోందని వీపు చూస్తే తెలిసింది. బరువు కొద్దికొద్దిగా ఆ కాలి మీదికి వేస్తోంది.

"ఒక్క నిమిషం. ఒక్క నిమిషమే ఉంట. సల్లగున్నది తమ్మీ."

నేను తాడు లాగలేదు. లాగితే తూలి అటే పడుతుంది. పదడుగులూ నడిచి పోయి ఆమె జబ్బ పట్టుకున్నాను. ఆమె బరువు నా మీద పడింది. కాలు ఎత్తమని చెప్పాను. ఎత్తలేదు. వెనక నుంచి సుగుణ అమ్మా అని అరిచింది. మమ్మల్ని చూసి కాదు, నొప్పికి.

కొంరక్క కాలు తీసింది. పక్కకు ఆనించింది. ఒళ్ళంతా జలదరించింది.

"మంట" అంది.

మిగిలిన రెండు వందల ఇరవై ఎనిమిది అడుగులు ఆమెను పట్టుకునే నడిపించాను. గుట్ట ఎక్కాక లెక్క పెట్టాను. నూట నలభై మంది. ఓదెలు లేడు. మిగిలినవాళ్ళందరూ ఉన్నారు.

మధ్యాహ్నం సుగుణకు ఆడపిల్ల.

డిసెంబర్ 12

గుట్ట కింద బొగ్గు లేదు. నేల మంచులా ఉంటుంది. పిల్లలు చెప్పులు లేకుండా పరుగెత్తుతున్నారు. ఎవరూ ఆపడం లేదు.

కొంరక్క మంచం దిగడం లేదు. పాదాలు గాలిలో ఉండేలా కింద దిండు పెట్టుకుంటుంది. గాలి కూడా మండుతుందట. మనవరాలిని ఒళ్ళో పెట్టుకుంటుంది కానీ కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పొయ్యమంటే తల అడ్డంగా ఊపింది. ఆ పని లింగమూర్తి కోడలు చేసింది.

లింగమూర్తి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. పోయేటప్పుడు, "ఉంట బిడ్డా" అన్నాడు.

డిసెంబర్ 15

కిష్టస్వామి సారు రెండు రోజులు పాత బాటన నడిచి గుట్ట మీదికి వచ్చాడు. ఆరో గల్లీలో కూడా నేల దిగుతోంది. అరవై రెండు ఇళ్ళు. మొన్నటి దారి పనికిరాదు, రెండు చోట్ల కుంగింది. మళ్ళీ చూడాలి. వాళ్ళను దాటించడానికి జనవరి ఆఖరు దాకా టైముంది, అదీ గట్టిగా చెప్పలేనన్నాడు.

ఆయన కొంరక్కను అడగలేదు. నన్నే చూశాడు. నేను నేల చూశాను.

కొంరక్కే పిలిచింది.

"తమ్మీ, ఈ తీగలు ఎప్పుడు చస్తయి?"

పుస్తకంలో ఉన్నది చెప్పాను. తొడుగువి పోయాక బోడివి కూడా ఒక్కొక్కటే పోతాయి. వేళ్ళ నుంచి మొదలై పైకి. కొందరికి నెలలు, కొందరికి ఏళ్ళు.

"చస్తె మంట ఉండదు గదా?"

"ఉండదు. ఏం ఉండదు. వేడి తెల్వది, సల్ల తెల్వది."

"నీ కాళ్ళ లెక్క."

"నా కాళ్ళ లెక్క."

ఆమె పాదాల వైపు చూసుకుంది. పైకి ఏమీ లేదు. వాపు లేదు, పుండు లేదు. బాగా కడిగిన పాదాలు.

"అయితె అవి సచ్చేలోపల ఆరో గల్లోళ్ళను దాటియ్యాలె" అంది. "సారుకు చెప్పు. ఎల్లుండి మంచు పడుతదట. మంచిదే."

నేను తలూపాను.

ఇక నుంచి రోజూ పొద్దున సీసాలు పట్టుకుని ఆమె మంచం దగ్గరికి పోవాలి. చన్నీళ్ళ సీసా వేళ్ళకు ఆనించి, ఆమె మొహం చూడాలి. ఈ రోజు ఆనించాను. పళ్ళ బిగువున "మంట" అంది. నాకు ఊపిరి వచ్చింది. రేపు కూడా ఆమె ఆ మాటే అనాలని కోరుకుంటూ పడుకుంటాను. ఎల్లుండి కూడా. అరవై రెండు ఇళ్ళు దాటేదాకా ఆ మనిషికి నొప్పి తగ్గకూడదు. ఇది రాయడానికి నాకు వేరే మాట దొరకలేదు.

కొంరక్క. కుడి పదికి సున్నా. ఎడమ పదికి సున్నా. నడవగలదు.